రాత్రి ఏసీకి పగటి ఎండ చాలుతుందా?

ఇబ్రహీంపట్నంలో ఎటు తిరిగినా ఆ పొగగొట్టాలే కనిపిస్తాయి. 1979లో మొదలై, 2023 చివర్లో వచ్చిన 800 మెగావాట్ల విభాగంతో కలిపి 2,560 మెగావాట్లకు పెరిగిన నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రం అది. దానికి కాస్త దూరంలో, గోదావరి నీళ్లు కృష్ణమ్మను కలిసే ఫెర్రీ ఘాట్ దగ్గర, ఒక పడవ కట్టేసి ఉందనుకుందాం. అలాంటిలాంటి పడవ కాదు, కాపురముండే పడవ! రెండు పడక గదులు, చిన్న హాలు, వంటిల్లు. గదికో ఏసీ. ఒడ్డు నుంచి కరెంటు తీగ లాగకూడదు. జనరేటర్ మోత వినపడకూడదు. కేవలం కప్పు మీది సోలార్ ప్యానెళ్లతోనే ఆ ఇల్లు నడవాలి.

సాధ్యమేనా?

'ప్యానెళ్లు ఇంకో నాలుగు ఎక్కువేస్తే సరి' అనేస్తారు చాలామంది. మేడ మీదైతే ఆ మాట చెల్లుతుంది. ఎండ ఎక్కువైన రోజు మిగిలిన కరెంటును పంపిణీ సంస్థకు ఇచ్చేసి, రాత్రి మళ్లీ తెచ్చుకోవచ్చు. అంటే మొత్తం విద్యుత్ వ్యవస్థే ఆ ఇంటికి గోడౌన్. పడవకు ఆ గోడౌన్ లేదు. పండిన పంటంతా పడవలోనే దాచుకోవాలి, అందులోంచే తినాలి. పైగా కప్పు ఎంతుందో అంతే... పక్క స్థలం కొని పెంచుకునే వీలు లేదు.

ఒకప్పుడీ బాధే లేదు. డెల్టా కాలువల్లో ధాన్యమూ ఉప్పూ మోసుకుంటూ బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా వెళ్లిన గూటి పడవల్లో సరంగులు రోజుల తరబడి అక్కడే వండుకుని అక్కడే పడుకునేవాళ్లు. పొయ్యిలోకి నాలుగు కట్టెలు, గూటికి వేలాడే ఓ హరికేన్ లాంతరు. కరెంటు ఖర్చు సున్నా. ఇప్పుడు పడవలో ఉండాలనుకునేవాళ్లకు ఫ్రిజ్ కావాలి, గీజర్ కావాలి, ఇండక్షన్ పొయ్యి కావాలి. అన్నిటికీ మించి, బెజవాడ మే నెలలో ఏసీ కావాలి. తప్పు పట్టడానికేం లేదు. రోహిణి కార్తెలో ఈ ఊళ్లో ఒక్క రాత్రి పడుకున్నవాళ్లెవరూ ఏసీని విలాసం అనరు.

లెక్క చీకట్లోంచి మొదలు

ఇలాంటి పడవకు లెక్క ఎప్పుడూ కప్పు నుంచి మొదలెట్టకూడదు. రాత్రి తొమ్మిదింటి నుంచి మొదలెట్టాలి. ఎందుకంటే అసలు ఖర్చంతా సూర్యుడు లేనప్పుడే.

వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడేదాకా గట్టిగా లాగి, తర్వాత తగ్గుతుంది. రాత్రంతా కలిపి సగటున 800 వాట్లు వేసుకుందాం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా తొమ్మిది గంటలు. ఒక్కో ఏసీకి 7.2 యూనిట్లు. రెండింటికీ 14.4. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటల కునుకుకు ఇంకో 4.8. ఏసీల వాటానే 19 యూనిట్లు దాటింది!

మిగతావి చూడబోతే... ఇండక్షన్ పొయ్యి మీద మూడు పూటలా వంటకు 5 యూనిట్లు. ఫ్రిజ్‌కు 1.8. గీజర్‌కు 2. ఫ్యాన్లన్నిటికీ 2. దీపాలకు 1, నీళ్ల మోటారుకు అర, టీవీ, ల్యాప్‌టాప్, సెల్‌ఫోన్లకు 1. ఇక చాలామంది మర్చిపోయేది ఒకటుంది. బ్యాటరీలోని కరెంటును ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తన పొట్టకు తాను కొంత తింటుంది. ఏ పనీ లేకున్నా 50 వాట్లు లాగే యంత్రమైతే రోజు మొత్తానికి 1.2 యూనిట్లు. ఫ్రిజ్‌కు అయ్యేదానికి పెద్ద తక్కువేం కాదు.

అన్నీ కలిపితే 34 యూనిట్లకు దగ్గర. బ్యాటరీలోకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కొంత వేడిగా పోతుంది కాబట్టి 40 పండిస్తేగానీ 34 చేతికి రావు.

ఇప్పుడు కప్పెక్కుదాం. 60 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున్న పడవనుకుంటే కప్పు 840 చదరపు అడుగులు. అంచుల వెంబడి మనిషి నడిచే దారి, నీళ్ల ట్యాంకు, గాలి గొట్టాలు పోగా మూడింట రెండొంతులు మిగిలితే గొప్ప. ఇప్పుడు మార్కెట్లో దొరికే 550 వాట్ల ప్యానెల్ ఒక్కోటి సుమారు 28 చదరపు అడుగుల చోటు తింటుంది. అంటే 20 ప్యానెళ్లు. మొత్తం 11 కిలోవాట్లు.

మన ప్రాంతంలో కిలోవాటు ప్యానెళ్లకు రోజుకు నాలుగు యూనిట్లన్నది ఏడాది సగటు. అలా చూస్తే 44. హమ్మయ్య, గట్టెక్కాం అనిపిస్తుంది. కానీ సగటు ఎండలో ఎవరూ బతకరు కదా! ఆషాఢం, శ్రావణాల్లో మబ్బు పట్టిన వారాల్లో కిలోవాటుకు మూడు యూనిట్లు రావడమూ గగనమే. 2.8 వేసుకుంటే 31. కావాల్సింది 40. వాయుగుండం పట్టి రెండు మూడు రోజులు ముసురేస్తే కిలోవాటుకు ఒక్క యూనిట్‌తో సరిపెట్టుకోవాలి. అప్పుడొచ్చేది 11. ఏసీల సంగతి దేవుడెరుగు, పొయ్యి వెలగడమే కష్టం.

ఇంకో తిరకాసు ఇబ్రహీంపట్నానికే ప్రత్యేకం. థర్మల్ కేంద్రం బూడిద ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఆరేసిన బట్టల మీద పడేది ప్యానెల్ మీద పడదా? సన్నటి పొర పేరుకున్నా రాబడి తగ్గుతుంది. వానాకాలంలో వానే కడిగిపోతుంది. తక్కిన రోజుల్లో తరచూ ఒకరు బకెట్టూ, మెత్తటి గుడ్డా పట్టుకుని పైకెక్కాల్సిందే. నీళ్లకైతే కరువు లేదనుకోండి!

ఆదిత్య ఎలా నెగ్గింది?

'మరి కేరళలో సోలార్ పడవ నడుస్తోందిగా' అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. వైక్కం నుంచి తవణక్కడవు దాకా వేంబనాడు సరస్సు దాటించే 'ఆదిత్య' 2017 జనవరిలో నీళ్లలోకి దిగింది. 75 మంది ప్రయాణికులు. కప్పు మీద 20 కిలోవాట్ల ప్యానెళ్లు, అడుగున 50 యూనిట్ల బ్యాటరీ. దేశంలో సౌరశక్తితో రోజువారీ జనాన్ని చేరవేసిన తొలి పెద్ద పడవగా దానికి పేరొచ్చింది.

కానీ ఆ పడవకూ, మన కాపురం పడవకూ పోలిక లేదు. అది సూర్యుడితోపాటు లేచి పనిచేస్తుంది. పగలు వచ్చిన కరెంటు పగలే మోటార్లకు పోతుంది. బ్యాటరీ మధ్యలో పట్టుకునే ఊతకర్ర మాత్రమే. రాత్రయితే రేవులో తాడేసి పడుకోవచ్చు. అందులో ఏసీ పడక గదుల్లేవు. కాపురం పడవేమో సూర్యుడు దిగాక లేస్తుంది. ఆదిత్యలో ప్రయాణం దొరికినంత తేలిగ్గా అందులో నిద్ర దొరకదు.

ప్రపంచాన్ని చుట్టొచ్చిన పడవా ఉంది. 2010 సెప్టెంబరులో మొనాకో నుంచి బయల్దేరి 2012 మే 4న తిరిగి అక్కడికే చేరిన 'ప్లానెట్ సోలార్'. పొడవు 31 మీటర్లు. 537 చదరపు మీటర్ల ప్యానెళ్లు, 93 కిలోవాట్లు. ఎనిమిదిన్నర టన్నుల లిథియం బ్యాటరీలు. ఇంతా చేస్తే అందులో ఉండేది ఓ చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది సిబ్బంది. రాబడిలో సింహభాగం సముద్రం దాటడానికే పోయింది.

ఈ రెంటిలోనూ గమనించాల్సింది కిలోవాట్లను కాదు, ఆకారాన్ని. రెండూ ఒంటి పడవలు కావు. పక్కపక్కనే రెండు సన్నటి పడవలుంచి, వాటి మీద వెడల్పుగా వేదిక కట్టినట్టుంటాయి. ఇదేదో విదేశీ విద్య అనుకోనక్కర్లేదు. రెండు పడవల మీద బల్లలు పరిచి, ఎడ్లబండ్లనూ లారీలనూ కృష్ణ దాటించిన బల్లకట్టుది ఇదే సూత్రం. వెడల్పు పెరిగితే రెండు లాభాలు. కప్పు పెద్దదవుతుంది. పడవ ఓ పట్టాన ఒరగదు. ఆ రెండోదే అసలు కథ.

తల మీద మూట

కరెంటు లెక్కల్లో పడి అందరూ మర్చిపోయేది బరువు. ఒక్కో ప్యానెల్ సుమారు 28 కిలోలు. ఇరవైకి 560 కిలోలు. బిగించే ఇనుప చట్రం, తీగలు కలిపితే 750 కిలోల పైమాటే. అంటే పన్నెండు మంది పెద్దవాళ్లు పగలూ రాత్రీ, ఎండా వానా కప్పు మీద నుంచుని ఉన్నట్టు! దిగమంటే దిగరు కూడా.

నీళ్లబిందె చంకన పెట్టుకున్న మనిషికీ, నెత్తిన పెట్టుకున్న మనిషికీ తేడా ఏమిటో మనకు తెలుసు. పడవకూ అంతే. బరువు అడుగున ఉంటే ఒరిగినా మళ్లీ నిటారుగా లేస్తుంది. బరువు పైకి జరిగేకొద్దీ ఆ లేచే శక్తి తగ్గుతుంది. ఒక హద్దు దాటాక ఒరిగింది ఒరిగినట్టే పోతుంది.

ఈ మాట ఇబ్రహీంపట్నంలో తేలిగ్గా అనగలిగేది కాదు. 2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం. భవానీ ద్వీపం వైపు నుంచి పవిత్ర సంగమానికి జనంతో వస్తున్న పడవ ఇక్కడే బోల్తా పడింది. 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. పడవ పట్టేదానికంటే ఎక్కువమంది ఎక్కారు, దానికి అనుమతి లేదు అన్నవి అప్పుడు బయటపడిన సంగతులు. ఆ పడవ మీద ప్యానెళ్లూ లేవు, ఏసీలూ లేవు. కానీ నీళ్ల మీద బరువును లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో ఆ ఘాట్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అందుకే బ్యాటరీల చోటు పడవ అడుగు. అక్కడవి మేలే చేస్తాయి. అయితే ఏ బ్యాటరీలు? సాయంత్రం ఎండ పోయినప్పటి నుంచి మర్నాడు ఎండ వచ్చేదాకా 20 యూనిట్లు కావాలనుకుందాం. మనిళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ పేరుకు 1.8 యూనిట్లు దాస్తుంది. నాలుగు కాలాలు మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి. ఇన్వర్టర్ తినేది కూడా చూస్తే అలాంటివి పాతిక కావాలి. ఒక్కోటి 55 కిలోలు వేసుకున్నా దాదాపు 1,400 కిలోలు! పైగా ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి. గాలాడని పడవ అడుగున అది ప్రమాదం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే దాచిన దాంట్లో 80 శాతం దాకా వాడుకోవచ్చు. 5 యూనిట్ల పెట్టెలు ఆరు చాలు. 300 కిలోలతో పోతుంది. కొనేటప్పుడు ఖరీదనిపిస్తుంది కానీ పడవకు ఇంకో దారి లేదనే చెప్పాలి.

ప్యానెళ్లను ఏటవాలుగా నిలబెట్టాలన్న ఆశా పడవ మీద మానుకోవాలి. విజయవాడ అక్షాంశం పదహారున్నర డిగ్రీలు. అంత వాలు పెట్టినా, సమంగా పరిచినా ఏడాది రాబడిలో వచ్చే తేడా స్వల్పం. కానీ వేసవి సాయంత్రాల్లో ఉన్నట్టుండి లేచే ఈదురుగాలికి ఆ ఏటవాలు ప్యానెళ్లు తెరచాపలవుతాయి. పరుపు పరిచినట్టు పరిచేయడమే నయం. అడుగున నాలుగు వేళ్ల సందు వదిలితే గాలాడుతుంది. ప్యానెళ్లు చల్లగా ఉంటాయి. కింద గదికి గొడుగు పట్టినట్టూ అవుతుంది.

కోరికకు కొలత

40 యూనిట్లు పండించడం కష్టమైనప్పుడు 40 అవసరం లేకుండా చూసుకోవాలి. ఇంగ్లండు కాలువల మీద సన్నటి పడవల్లో వేలమంది కాపురముంటారు. వాళ్లలో చాలామంది వంటకు గ్యాసు, చలికి కట్టెల పొయ్యి వాడతారు కాబట్టే కొద్దిపాటి ప్యానెళ్లతో వేసవి వెళ్లదీస్తారు. చలికాలంలో ఎండే ఉండదు. అప్పుడు ఇంజిన్ తిప్పి బ్యాటరీలు నింపుకుంటారు. శ్రీనగర్ హౌస్‌బోట్లకేమో ఒడ్డు నుంచే తీగలు. కేరళ హౌస్‌బోట్లలో రాత్రి ఏసీకి ఎక్కువగా డీజిల్ జనరేటరే దిక్కు. లీటరు డీజిల్‌కు మహా అయితే మూడు యూనిట్లు. 20 యూనిట్లకు ఏడెనిమిది లీటర్లు, సగం లోడు మీద నడిస్తే ఇంకా ఎక్కువ. పక్క పడవలో పడుకున్నవాళ్ల నిద్ర ఖరీదు వేరే!

మన పడవలో ఏం కోయొచ్చు? ముందు వంట. గ్యాసు బండ పెడితే ఒక్క దెబ్బకు నాలుగున్నర యూనిట్లు మిగులుతాయి. సిలిండర్‌ను గాలాడే చోట, నిప్పుకు దూరంగా ఉంచాలి. గీజరైతే మరీ వింత. బెజవాడలో వేసవిలో కుళాయి తిప్పితే వచ్చేదే వేణ్నీళ్లు. చలికాలానికి గ్యాసు పొయ్యి మీద ఓ గిన్నె కాచుకుంటే పోయె. తర్వాత ఏసీ. గదులు చిన్నవి చేసి, కప్పు కిందా గోడల్లోనూ వేడిని ఆపే థర్మోకోల్ లాంటి పొర వేసి, కిటికీలకు బయట చాపలు దించితే టన్నున్నర బదులు టన్ను సరిపోతుంది. సగటు ఐదొందల వాట్లకు దిగుతుంది. అప్పుడు రాత్రి రెండు ఏసీలకూ కలిపి 9 యూనిట్లు, మధ్యాహ్నం 2.

మళ్లీ కూడితే 34 కాస్తా 19 అయింది. నష్టాలతో కలిపి 23. ముసురు నెలల్లో కిలోవాటుకు 2.8 యూనిట్ల లెక్కన 15 ప్యానెళ్లు చాలు. నెత్తి మీద నుంచి ఐదు ప్యానెళ్లు దిగిపోయాయి. చట్రంతో కలిపి 190 కిలోలు తగ్గాయి. బ్యాటరీ పెట్టెలు ఆరు బదులు నాలుగు. కరెంటు పొదుపు పడవ భద్రతగా మారిందంటే ఇక్కడే.

వాయుగుండం రోజుల్లో ఏసీలు ఆపేయాల్సిందే. అప్పుడు గాలి ఎలాగూ చల్లగానే ఉంటుంది. ఫ్రిజ్, ఫ్యాన్లు, దీపాలు, నీళ్ల మోటారు, ఇన్వర్టర్ ఖర్చు నష్టాలతో కలిపి 8 యూనిట్లు. ఆ 15 ప్యానెళ్లు ముసురులోనూ ఇంచుమించు అంత ఇస్తాయి. మూడు రోజుల ఏసీకి సరిపడా బ్యాటరీలు మోసుకు తిరగడం కంటే ఇదే తెలివైన పని. ఇక ఇంజిన్ కూడా కరెంటుదే కావాలంటే, పది కిలోవాట్ల మోటారు రెండు గంటలు తిరిగితే 20 యూనిట్లు. రోజంతా ఇంటి ఖర్చంత! షికారా, ఏసీనా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఒక ఖర్చు మాత్రం ఎప్పుడూ కోయకూడదు. అడుగున ఊరే నీటిని తోడే పంపు. దానికి విడిగా చిన్న బ్యాటరీ ఉండాలి. ఏసీ ఎంత లాగినా అందులోంచి ఒక్క చుక్క పోకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, ఎగువ నుంచి తెగి కొట్టుకొచ్చిన బోట్లు గేట్లను గుద్దుకున్నాయి. అలాంటి రాత్రి ఒడ్డున కరెంటు ఉండదు, సాయమూ ఉండదు. ఉండేది తాళ్లు, దీపం, ఆ పంపు.

నీటికీ కరెంటుకూ పొత్తు కుదరదు కాబట్టి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే బ్రేకర్ తప్పనిసరి. జెండా కర్ర నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా వరుస మొత్తం మీద ప్రభావం పడుతుంది. అందుకే ప్యానెళ్లన్నిటినీ ఒకే వరుసలో గుచ్చకుండా రెండు మూడు జట్లుగా విడదీసి, జట్టుకో ఛార్జ్ కంట్రోలర్ పెట్టాలి.

ఇంతా అయ్యాక, ప్యానెళ్లు పైకెక్కించే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పడవను కదలని నీళ్లలో నిలిపి, తెలిసిన బరువున్న ఇసుక బస్తాలను ఒక అంచు నుంచి రెండో అంచుకు జరుపుతారు. తాపీ మేస్త్రీ గోడ నిటారుగా ఉందో లేదో చూసుకునే గుండు లాంటిది లోపల వేలాడుతుంటుంది. ఎన్ని కిలోలకు అదెంత జరిగిందో కొలిస్తే ఆ పడవ నెత్తిన ఎంత మోయగలదో తేలుతుంది. నౌకా నిర్మాణం తెలిసిన ఇంజినీరు చేయాల్సిన పని ఇది. పడవ నిలకడను మార్చే ఏ మార్పుకైనా ముందే అనుమతి తీసుకోవాలని 2021 నాటి అంతర్గత నౌకల చట్టమూ చెబుతోంది. 15 ప్యానెళ్లు అనుకున్నది ఆ పరీక్షలో 12 అని తేలిందనుకోండి, మూడు ప్యానెళ్లు ఒడ్డునే ఉంటాయి. మధ్యాహ్నం ఏసీ మానేసి, పై అంచున కూర్చుని నది గాలి పీల్చుకోవాలి.